ఖాళీ కుర్చీకి రేటెంత?

సంక్రాంతి వెళ్లి పదిరోజులైంది. పండక్కి వచ్చినవాళ్లంతా తిరిగి వెళ్లిపోయారు. అమ్మకి కంటి ఆపరేషన్ ఉండటంతో నేను మాత్రం ఊళ్లో ఆగిపోయాను. ఆ బుధవారం మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక మ్యాట్నీకి వెళ్లాను. మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న మున్సిపాలిటీ. నా చిన్నప్పుడు మూడు హాళ్లుండేవి. ఒకటి కల్యాణ మండపం అయింది, ఇంకోటి ఎరువుల గోడౌన్ అయింది. మిగిలిన ఒక్కదానికీ ఏసీ పెట్టించి, సీట్లు మార్పించి, సౌండు బాగుచేయించి ఎలాగో నడుపుకొస్తున్నారు.

టికెట్ నూటపది రూపాయలు. లోపల ఆరుగురం ఉన్నాం. రెండుంపావు ఆట రెండున్నర దాటినా మొదలవ్వలేదు. కాసేపటికి మేనేజర్ గారు లోపలికొచ్చి, "ఏమీ అనుకోకండి. పదిమందన్నా లేకపోతే కరెంటు ఖర్చు కూడా రాదండి. డబ్బులు తీసేసుకోండి, కుదిరితే ఫస్ట్ షోకి రండి" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత చిన్నబోయారో ముఖంలో తెలుస్తోంది. ఎవరం ఏమీ అనలేదు. లేచి వచ్చేశాం.

బయట బుకింగ్ కిటికీ దగ్గర ముగ్గురు కుర్రాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు. నేను టికెట్ తీసుకుంటున్నప్పుడే వాళ్లని చూశాను. ముగ్గురి దగ్గరా కలిపి రెండొందలున్నాయి. "లోపల ఎవరూ లేరు కదన్నా, రెండొందలకి ముగ్గుర్నీ పంపించెయ్యండి" అని బతిమాలుతున్నారు. కిటికీ లోపలాయన కుదరదంటున్నాడు. అంతకుముందే బండి మీద భార్యనీ పిల్లనీ ఎక్కించుకొచ్చిన ఒకతను రేట్ల బోర్డు చూసి, ఒక్క క్షణం ఆగి, బండి తిప్పుకుని వెళ్లిపోవడం కూడా చూశాను. మేం ఆరుగురం, వాళ్లు ముగ్గురు, వీళ్లు ముగ్గురు. పన్నెండు. పదిమంది లేరని ఆపేసిన ఆటకి పన్నెండు మంది హాలు గుమ్మం దాకా వచ్చారు.

మేనేజర్ గారితో నాకు పాత పరిచయమే. "ఆ కుర్రాళ్లని రెండొందలకే పంపించేస్తే సరిపోయేది కదండీ" అన్నాను. "రేటు నా చేతిలో లేదు బాబూ. రేపు డీసీఆర్‌లో ఏమని రాయమంటారు?" అన్నారాయన. ఏ రోజు ఏ ఆటకి ఏ తరగతి టికెట్లు ఎన్ని తెగాయో రాసి డిస్ట్రిబ్యూటర్‌కి పంపే కాగితం అది. అందులో ఒప్పుకున్న రేటు తప్ప ఇంకోటి రాయడానికి గడి లేదు.

ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. సినిమా టికెట్ల గురించి మన దగ్గర వాదన జరిగినప్పుడల్లా అది పెంచడం గురించే ఉంటుంది. పెంచనివ్వాలా, ఎంత పెంచనివ్వాలి, ఎన్ని రోజులు పెంచనివ్వాలి. దించడం గురించి ఎవరూ మాట్లాడరు. టికెట్ రేటు ఎక్కగలిగినంత సులువుగా దిగగలగాలి, అలా దించే అధికారం హాలు నడిపేవాళ్ల చేతిలో ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇది పైకి కనిపించినంత తేలికైన మాట కాదని నాకు తెలుసు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఓపికకి దొరికిన రాయితీ

మా పెదనాన్న ఇరవై ఏళ్లు బుకింగ్ గుమాస్తాగా చేశాడు, ఇప్పుడు ఎరువుల గోడౌన్ అయిన ఆ హాల్లోనే. ఎనభైల మధ్యలో అక్కడి రేట్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. నేల రూపాయి, బెంచీ రూపాయిన్నర, కుర్చీ రెండున్నర, బాల్కనీ మూడున్నర. ఒక్కో తరగతికి ఒక్కో రంగు టికెట్టు. నేలకి గోడలో చెయ్యి పట్టేంత కంత. అందులో చెయ్యి పెట్టి టికెట్ పట్టుకుని బయటికి తీసేసరికి మణికట్టు చెక్కుకుపోయేది. ఆ రోజుల్ని నేను మురిపెంగా చెప్పబోవడం లేదు. నేల అంటే నిజంగానే నేల. ముందువాళ్ల వక్కపొడి ఉమ్ములూ బీడీ పొగా అన్నీ అక్కడే. ఆడవాళ్ల నేల వైపు పసిపిల్లల ఏడుపుల్లో మాటలు వినపడేవి కావు. మళ్లీ ఎవర్నీ అక్కడ కూర్చోబెట్టాలని నాకు లేదు.

కానీ ఆ నాలుగు రేట్లలో ఒక లెక్క ఉంది. పై తరగతికీ కింది తరగతికీ మూడున్నర రెట్ల తేడా. అదే బొమ్మ, అదే పాట, అదే ఫైటు. ఊళ్లో డాక్టరు గారూ చూశారు, ఆయన ఇంట్లో పాలు పోసే మనిషీ చూశాడు, ఒకే రోజు ఒకే కప్పు కింద. పెదనాన్న ఒక మాట అనేవాడు: నేల నిండితే ఆట ఖర్చు వచ్చేసినట్టే, పైనంతా మిగులే అని. కింది తరగతిని ఆయన దానధర్మంగా ఎప్పుడూ చూడలేదు. ఆ హాలు నిలబడింది దాని మీదే.

ఇంకో సంగతి. ప్రింట్లు తక్కువ కాబట్టి విజయవాడలోనూ రాజమండ్రిలోనూ ఆడాక ఎప్పటికో మా ఊరికి వచ్చేది సినిమా. వచ్చాక మూడు వారాలో నాలుగు వారాలో ఉండేది. మొదటివారం మా ఇంటికి ఎవరైనా వస్తే వాళ్లతో కుర్చీకి వెళ్లేవాళ్లం, మూడోవారం మా అంతట మేం నేలకి వెళ్లేవాళ్లం. చేతిలో డబ్బు లేనివాడు ఆగేవాడు. వాడు ఆగితే సినిమా కూడా వాడి కోసం ఆగేది.

ఇప్పుడు ఆ ఆగడం పోయింది. పెద్ద సినిమాకి రేట్లు పెంచుకోవడానికి అనుమతి ఎన్నాళ్లు? పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. ఆ సినిమా హాల్లో గట్టిగా నిలబడేది ఎన్నాళ్లు? దాదాపు అన్నే రోజులు. నెల తిరిగేసరికి ఓటీటీలోకి వచ్చేస్తోంది. అంటే సినిమా హాల్లో ఉన్నన్నాళ్లూ హెచ్చు రేటే, మామూలు రేటు వచ్చేసరికి సినిమానే ఉండదు. "ఆత్రం ఉన్నవాళ్లే ఎక్కువ పెట్టి చూస్తారు, మిగతావాళ్లు రేటు తగ్గాక చూసుకోవచ్చు" అని నిర్మాతలు చెప్పే మాట నాకు ఒకప్పుడు న్యాయంగానే అనిపించేది. ఆగినవాడికి దొరికేటప్పుడు అది న్యాయమే. ఆగినవాడికి ఏమీ మిగలనప్పుడు అది ఆత్రానికి వేసిన ధర ఎలా అవుతుంది? అందరి నెత్తినా పడిన ధరే అవుతుంది.

ఐదు రూపాయల టికెట్ రోజులు

ఇక్కడ నా పాత అభిప్రాయం ఒకటి చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నంబరు జీవో ఇచ్చినప్పుడు నేను దాన్ని సమర్థించాను. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాల్లో 5, 10, 15 రూపాయలు. ఏసీ ఉంటే 10, 15, 20. నగరాల్లో మల్టీప్లెక్సుకి 75, 150, 250. అవి చదివినప్పుడు నాకు ఆ మణికట్టు చెక్కుకుపోయిన కంత గుర్తొచ్చింది, మళ్లీ నేల తిరిగొచ్చింది అనుకున్నాను. స్నేహితులతో వాదించాను కూడా.

ఆ డిసెంబరుకి నా వాదన నిలవలేదు. మా పక్క ఊరి హాలు యజమాని లెక్క చూపించారు. అన్ని తరగతులూ నిండినా ఆటకి వచ్చేది ఎంత, ఏసీ వేస్తే కాలే కరెంటు ఎంత, గేట్లో నలుగురికీ బుకింగులో ఇద్దరికీ ఊడ్చేవాళ్లకీ జీతాలెంత. ఆయన ఏసీ ఆపేశారు. ఆ తర్వాత హాలే మూసేశారు. ఆ నెలలో రాష్ట్రంలో చాలా హాళ్లు తనిఖీల వల్ల కొన్నీ, గిట్టుబాటు కాక కొన్నీ మూతపడ్డాయి. విషయం హైకోర్టుకి వెళ్లింది. చివరికి 2022 మార్చి 7న 13వ నంబరు జీవోతో రేట్లు మార్చారు. 20 రూపాయల నుంచి 250 దాకా, పైన జీఎస్టీ.

పేదవాడి కోసం పెట్టిన ఐదు రూపాయల టికెట్టు ఆఖరికి పేదవాడి ఊళ్లో హాలునే మూయించింది. ఆ తప్పులో నా మద్దతు కూడా ఉంది కాబట్టి ఇప్పుడు రేట్లు తగ్గించమని అడిగేటప్పుడు జాగ్రత్తగా అడుగుతున్నాను. పై నుంచి ఒక అంకె వేసి అందరి మీదా రుద్దితే, అది తక్కువైనా ఎక్కువైనా, ఏదో ఒక చోట హాలు ఖాళీగానో మూతపడో ఉంటుంది.

13వ జీవోలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. ప్రతి హాల్లోనూ నాలుగోవంతు సీట్లు నాన్ ప్రీమియం, అంటే చవక తరగతి కింద ఉంచాలని. నేల టికెట్టుకి చట్టంలో మిగిలిన ఆనవాలు అదొక్కటే. అయితే మున్సిపాలిటీలో మామూలు ఏసీ హాలుకి నాన్ ప్రీమియం, ప్రీమియం తరగతుల రేట్లు 60, 80. పెదనాన్న కిటికీలో మూడున్నర రెట్లున్న తేడా ఇక్కడ ఒకటీ మూడోవంతుకి కుంచించుకుపోయింది. నిచ్చెన ఉంది, కింది మెట్లు కోసేశారు.

పెట్టుబడి చూపించి రేటు అడగడం

అదే జీవోలో ఇంకో ముక్క ఉంది. హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు కాకుండా వంద కోట్లు దాటి ఖర్చయిన సినిమాకి మొదటి పదిరోజులు రేటు పెంచుకోవచ్చు. పారితోషికాలు తీసేయమనడంలో ఉద్దేశం మంచిదే. కానీ ఖర్చు ఎక్కువైంది కాబట్టి టికెట్ ఎక్కువ ఉండాలన్న మాట దగ్గరే నాకు గొంతు పట్టేస్తుంది.

మా నాన్న నలభై ఏళ్లు వరి పండించాడు. ఒక ఏడు తుఫానొచ్చి రెండుసార్లు ఊడ్చాల్సొచ్చింది. పెట్టుబడి రెండింతలైంది. ఆ ఏడు కళ్లంలో బస్తా ధర ఎంత పలికింది? పక్క చేను వాడికి ఎంత పలికిందో అంతే. ఖర్చు కాగితాలు చూపించి, నా ధాన్యానికి పది రోజుల పాటు ప్రత్యేక రేటు ఇప్పించండి అని అడగడానికి ఆయనకి ఏ కార్యాలయమూ లేదు. సినిమా తీసేవాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాళ్లు అప్పులు తెచ్చి తీస్తారు, ఒక్క శుక్రవారంతో మునిగిపోతారు. అది నిజం. అయినా ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకున్నది వాళ్లు, ఆ ఖర్చు టికెట్టులో కలపడానికి సర్కారు చేత జీవో ఇప్పించుకోవడం ఎందుకు? రేటు పెరుగుతుందన్న ధీమా ఉన్నంతకాలం ఖర్చు కూడా పెరుగుతూనే ఉంటుంది. ఖర్చుకి రేటు, ఆ రేటు చూసి ఇంకా ఖర్చు. ఆ లెక్కలో హీరో పారితోషికం తీసేశామని కాగితం మీద రాసుకున్నంత మాత్రాన ఏమీ ఆగదు.

పైగా ఒక్కో సినిమాకి ఒక్కో జీవో కావడంతో టికెట్ రేటు రాజకీయమైపోయింది. ఏ హీరో ఏ పార్టీ వాడు, ఎవరు ఎవర్ని కలిశారు, ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నదే చర్చ. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక పెద్ద సినిమా విడుదలకి ముందురోజు ఆట దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. ఆ నెల 21న తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలో ఇకపై ప్రత్యేక ఆటలూ రేట్ల పెంపూ ఉండవని చెప్పారు. మూడు వారాలు తిరక్కుండా సంక్రాంతి సినిమాకి పెంపు ఇచ్చారు, విషయం కోర్టుకెక్కాక వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో ఆంధ్రలో ఒక సినిమా ప్రత్యేక ఆటకి వెయ్యి రూపాయల టికెట్టుకి అనుమతి వచ్చింది. బెనిఫిట్ షో అన్న పేరు మొదట పుట్టింది ఏదో ఒక మంచి పనికి నిధులు పోగుచేయడానికి. ఇప్పుడు ఆ వెయ్యి రూపాయలు కట్టే కుర్రాళ్లలో చాలామంది మా ఊరి ఐటీఐ కుర్రాళ్ల లాంటివాళ్లే. నెల ముందు నుంచి దాచుకుని కడతారు. వాళ్ల ప్రేమకి ధర కట్టడం నాకు బాధగా ఉంటుంది.

రేటు ఎవరి చేతిలో ఉంది

తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన 120వ జీవో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. ఏసీ సింగిల్ స్క్రీన్‌కి కనీసం 50, గరిష్ఠం 150. మల్టీప్లెక్సుకి కనీసం 100, గరిష్ఠం 250. అంటే తగ్గించుకోవడానికి చట్టం అడ్డు లేదు. 150 నుంచి 50 దాకా దిగొచ్చు. కానీ కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గర మల్టీప్లెక్సులో పెద్ద సినిమా ఏది చూసినా 295, అంటే 250, దాని మీద 18 శాతం జీఎస్టీ. పైన ఆన్‌లైన్ వాళ్ల రుసుము వేరే. శనివారం రాత్రికీ అంతే, మంగళవారం పొద్దున పదింటి ఆటకీ అంతే. గరిష్ఠం అన్న మాట కాస్తా రేటు అన్న మాటగా మారిపోయింది.

ఎందుకు దిగరు? మా మేనేజర్ గారి మాటలోనే జవాబు ఉంది. మన దగ్గర చాలా సింగిల్ స్క్రీన్లు అద్దె పద్ధతిలో నడుస్తాయి. వారానికి ఇంత అని డిస్ట్రిబ్యూటర్ కట్టేస్తాడు, వసూలంతా ఆయనది. హాలు నిండినా ఖాళీగా ఉన్నా యజమానికి వచ్చేది ఒకటే అయినప్పుడు కుర్చీ నింపాలన్న తపన ఆయనకెందుకుంటుంది? జనం బాగా వచ్చే మొదటివారం అద్దె ఇస్తారు, వసూళ్లు పడిపోయాక వాటా పద్ధతికి మారుస్తారు అన్నది హాళ్లవాళ్ల పాత గోడు. 2025 మే నెలలో మొదటి నుంచీ వాటాయే కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామని గోదావరి జిల్లాల్లో మొదలై రెండు రాష్ట్రాల్లోనూ మాట లేచింది. అది కాస్తా పెద్ద సినిమా విడుదలని అడ్డుకునే కుట్ర అన్న రచ్చగా మారి, అసలు సంగతి పక్కకి పోయింది.

నా దృష్టిలో టికెట్ ధరకి తాళంచెవి అక్కడే ఉంది. హాలు యజమానికి మొదటి రోజు నుంచీ టికెట్టులో వాటా ఉంటే, బుధవారం మధ్యాహ్నం ఆరుగురే ఉన్నప్పుడు గుమ్మంలో నిలబడ్డ ముగ్గుర్ని రెండొందలకి లోపలికి పిలవాలన్న ఆలోచన ఆయనకే వస్తుంది. క్యాంటీనూ బండ్ల స్టాండూ ఎలాగూ ఆయనవే. లోపలికొచ్చిన ప్రతి మనిషీ ఒక సమోసాయో ఒక సోడాయో కొంటాడు.

లెక్క కూడా ఒకటి వేసి చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల దాకా టికెట్టుకి జీఎస్టీ 5 శాతం, వంద దాటితే 18 శాతం. 150 రూపాయల టికెట్ ప్రేక్షకుడికి 177 పడుతుంది. అదే టికెట్ వందకి దించితే 105 పడుతుంది. చూసేవాడికి 72 రూపాయలు మిగిలాయి. హాలూ డిస్ట్రిబ్యూటరూ కలిసి వదులుకున్నది 50 మాత్రమే, మిగతా 22 పన్నులో తగ్గింది. ఇద్దరు వచ్చే ఆటకి ముగ్గురు వస్తే ఆ 50 కూడా పూడిపోయినట్టే. సోమవారం నుంచి గురువారం దాకా పగటి ఆటలకి ఇంతకన్నా మంచి అవకాశం నాకు కనిపించడం లేదు. ఖాళీ కుర్చీకి రాబడి సున్నా. ఆ సున్నాతో పోల్చాలి ఏ రేటునైనా.

కాబట్టి నేను కోరుకునే పద్ధతి ఇలా ఉంటుంది. సర్కారు ఒక గరిష్ఠం పెట్టి ఊరుకోవాలి, సినిమా సినిమాకీ జీవో ఇవ్వడం మానాలి. ఆ గరిష్ఠం ఇప్పటికన్నా కాస్త ఎక్కువున్నా నాకు అభ్యంతరం లేదు, మొదటి మూడు రోజులు, శని ఆదివారాల రాత్రి ఆటలు, వెనక వరసలు, సోఫాలు ఎంత పలికితే అంత పలకనీ. బదులుగా ప్రతి ఆటకీ, మొదటిరోజు మొదటి ఆటతో సహా, నాలుగోవంతు సీట్లు ఎప్పుడూ మారని చవక రేటులో ఉండాలి. మా మున్సిపాలిటీలో అది యాభై అనుకోండి. ఆ యాభై రూపాయల సీటు కూడా శుభ్రంగా ఉండాలి, అదే గేటులోంచి లోపలికి వెళ్లాలి. మిగతా మూడొంతులకీ రోజునీ ఆటనీ బట్టి దించుకునే స్వేచ్ఛ హాలువాళ్లకి ఉండాలి, డీసీఆర్‌లో దానికో గడి ఉండాలి.

నాకున్న అనుమానాలు

ఇది రాస్తున్నప్పుడే నాకు ఎదురొచ్చిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మొదటిది బ్లాకు. మొదటిరోజు యాభై రూపాయల సీట్లు పెడితే అవి నిజంగా ఆ యాభై ఉన్నవాడికే చేరతాయా? పెదనాన్న కిటికీ దగ్గరే చూశాను, హాలు పక్క కిళ్లీకొట్టు వాడి మనుషులు పదేసి టికెట్లు పట్టుకెళ్లడం. చెన్నైలో ఉండే మా మేనత్త కొడుకు తెలుగు సినిమా అయినా 190 రూపాయల్లో మల్టీప్లెక్సులో చూస్తాడు, తమిళనాడులో గరిష్ఠ ధర మీద అంత పట్టు ఉంది. అదే ఊళ్లో పెద్ద హీరో సినిమా మొదటిరోజు టికెట్లు బయట ఏ రేటుకి పోతాయో కూడా వాడే చెబుతాడు. ధర తక్కువ పెట్టి గిరాకీ ఎక్కువుంటే ఆ మధ్య తేడాని ఎవడో ఒకడు తింటాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ చవక సీట్లు ఆన్‌లైన్లో పెట్టకుండా ఆట ముందు గంటలో కిటికీ దగ్గరే, మనిషికి రెండు చొప్పున ఇస్తే కొంత ఆగుతుంది. కొంత ఆగదు. మొదటి మూడు రోజుల సంగతి వదిలేసినా నాలుగో రోజు నుంచి బ్లాకు అడిగే నాథుడు ఉండడు, అప్పుడన్నా ఆ సీట్లు చేరాల్సినవాళ్లకి చేరతాయి.

రెండోది, సోమవారం చవకగా దొరుకుతుందంటే శుక్రవారం ఎవరు వస్తారు? ఇది నిర్మాతల భయం, నిజమైన భయమే. పైరసీ ఉంది, సమీక్షలు మధ్యాహ్నానికే వచ్చేస్తాయి, మాట బయటికి పొక్కేలోపు మూడు రోజుల్లో పట్టుకోవాలి. కానీ 2022 వేసవి గుర్తు చేసుకుంటే వేరే సంగతి కూడా కనిపిస్తుంది. వరసగా పెద్ద సినిమాలకి పెంచిన రేట్లు చూసి మామూలు కుటుంబాలు హాలుకి రావడమే తగ్గించేశాయి. ఒకరిద్దరు నిర్మాతలు "మా సినిమాకి రేట్లు పెంచడం లేదు" అని ప్రచారమే చేసుకోవాల్సొచ్చింది. ఆగస్టు 1 నుంచి షూటింగులు ఆపి కూర్చున్నప్పుడు మాట్లాడుకున్న వాటిలో టికెట్ ధరలు కూడా ఉన్నాయి. ఆ సెప్టెంబరు 23న దేశంలో చాలా మల్టీప్లెక్సుల్లో 75 రూపాయల టికెట్ పెడితే 65 లక్షల మంది వచ్చారని మల్టీప్లెక్సుల సంఘమే ప్రకటించింది. ఒక్కరోజు తిరనాళ్లకి వచ్చిన జనాన్ని చూసి రోజూ వస్తారని నేననను. రాగలిగినవాళ్లు ఇంతమంది ఉన్నారని మాత్రం తేలింది.

మూడోది నా భార్య అడిగింది. "సినిమా బాగోకపోతే యాభైకి పెట్టినా ఎవరొస్తారు?" రారు. బాగోని సినిమాని ఏ రేటూ కాపాడదు. కానీ మరీ బాగోనివీ, మరీ బాగున్నవీ కాకుండా మధ్యలో ఉండే సినిమాలున్నాయి, ఎక్కువ అవే. నలుగురికి 1180 పెట్టి చూడటానికి మనసొప్పదు, నాలుగొందలైతే ఓ సాయంత్రం సంతోషంగా గడుస్తుంది. చిన్న సినిమాలు చచ్చిపోతున్నది అక్కడే. పెద్ద హీరో సినిమాకీ కొత్త కుర్రాడి సినిమాకీ ఒకే 295 అయినప్పుడు ఏడాదికి మూడు సినిమాలు చూడగలిగిన కుటుంబం ఆ మూడూ ఎవరివి చూస్తుంది?

పాప్‌కార్న్ సంగతి ఎత్తేవాళ్లూ ఉన్నారు, టికెట్ కన్నా అదే ఎక్కువని. బయటి తిండి ఆపే హక్కు హాళ్లకి ఉందని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పేసింది. నా మటుకు పాప్‌కార్న్ కొనకుండా సినిమా చూడగలను. టికెట్ కొనకుండా చూడలేను.

ఒకటి మాత్రం నన్ను నిజంగా కలతపెడుతుంది. చవక సీట్లని వేరే చేస్తే మళ్లీ పాత తరగతులనే తెస్తున్నామా అని. నేల వాళ్లు, బాల్కనీ వాళ్లు. మా అమ్మని అడిగాను ఈ మాట. కంటికి కట్టు విప్పిన రోజది. ఆవిడ కాసేపు ఆలోచించి, "నేలలో కూర్చున్నందుకు నాకెప్పుడూ సిగ్గెయ్యలేదురా. డబ్బుల్లేక గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చిన రోజే సిగ్గేసింది" అంది. ఆ రోజు ఏదో నాకు చెప్పలేదు.

కోట్లూ, మనుషులూ

ఒకప్పటి పోస్టర్ మీద యాభై రోజులు, వంద రోజులు, ఇన్ని కేంద్రాలు అని వేసేవాళ్లు. ఇప్పుడు ఇన్ని కోట్ల గ్రాస్ అని వేస్తున్నారు. అంకె కోసం రేటు పెంచడం, రేటు పెంచితే అంకె పెరగడం, అభిమానులు ఆ అంకెల మీద తిట్టుకోవడం. ఎంతమంది చూశారో అన్నది ఆ పోస్టర్ మీద ఎక్కడా ఉండదు. ఆన్‌లైన్లో అమ్ముడయ్యే ప్రతి టికెట్టుకీ లెక్క ఉన్న కాలంలో, చూసిన మనుషుల సంఖ్య వేయడం ఏమంత కష్టం? ఒక్క నిర్మాత ధైర్యం చేసి "మా సినిమా ఇంతమంది చూశారు" అని పోస్టర్ వేస్తే, తర్వాతి సినిమా వాళ్లు ఆ అంకె దాటాలని చూస్తారు. దాన్ని దాటాలంటే రేటు దించక తప్పదు.

హైదరాబాద్ బయల్దేరే ముందురోజు మళ్లీ హాలుకి వెళ్లాను. ఈ చవక సీట్ల సంగతీ, 177కి బదులు 105 లెక్కా ఒక కాగితం మీద తెలుగులో రాసి మేనేజర్ గారికి ఇచ్చాను. మా హాలు రేట్లకి ఆ లెక్క సరిగ్గా అతకదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా రెండుసార్లు చదివారు. హాల్లో 540 సీట్లున్నాయట. నాలుగోవంతు అంటే 135 అని అక్కడే పెన్నుతో పక్కన రాసుకున్నారు. కాగితం మడిచి డీసీఆర్ పుస్తకంలో పెట్టుకుని, "శుక్రవారం కొత్త బొమ్మతో డిస్ట్రిబ్యూటర్ రిప్రజెంటేటివ్ వస్తాడు. చూపిస్తాను. ముందు గురువారం మ్యాట్నీ ఒక్కటి అడుగుతాను" అన్నారు.